టేపు చుట్టిన పిడి

నేను కటింగ్ ప్లేయర్‌ని. కొత్తలో రెండు పిడులకూ ఎర్ర తొడుగు, దాని మీద 1000 వోల్టులని అచ్చు. మా మేస్త్రీ నన్ను సుత్తిలా వాడి మేకులు దిగ్గొట్టేవాడు. అలా ఎడం తొడుగు చిరిగితే నల్ల టేపు చుట్టాడు. ఆ రోజుతో ఆ వెయ్యికి విలువ పోయింది.

మేస్త్రీది ప్రత్తిపాడు పక్క పల్లె. వాళ్లమ్మ పత్తి తీసేది. ఎండిన డొప్పల మొనలు గీరి గీరి ఆమె వేళ్లు గరుకు తేలాయి. కొడుకు చేతులకు ఆ గతి వద్దనే కరెంటు పనిలో పెట్టింది. పైపులో స్ప్రింగు లాగితే తోలు లేస్తుంది, తెగిన తీగ మొన గోటి కిందికి దిగుతుంది, బ్లేడుతో తొక్క ఒలుస్తుంటే బొటనవేలు కోసుకుపోతుంది. వీటిని ఎవరూ దెబ్బలనరు. నాకు చుట్టిన టేపే వేలికీ చుట్టి పనిలోకి దిగుతారు.

గుంటూరు శివారులో మిర్చి కోల్డ్ స్టోరేజీ కడుతున్నారు. కొత్త కాయ వచ్చేలోగా అయిపోవాలని తొందర. కింద నుంచి "మెయిన్ తీసేశాం" అని కేక. తీసింది ఇంకో బోర్డుది. మేస్త్రీ వేళ్లు నా టేపు మీదే ఉన్నాయి.

కరెంటు మనిషిని పట్టేసుకుంటుందంటారు. పట్టుకునేది చెయ్యే. పిడికిలి ముడిచే కండరాలు తెరిచేవాటికన్నా బలమైనవి. 10 మిల్లీ ఆంపియర్లు దాటిందంటే వదలాలని గింజుకున్నా వేళ్లు విచ్చుకోవు. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే ఆర్‌సీసీబీ ఒకటుంటుంది. ఆ టెంపరరీ బోర్డులో అది లేదు. హెల్పరు కుర్రాడు "బాబాయ్!" అంటూ ఎండు చెక్కతో ఆ చేతిని కొట్టాడు. ఇద్దరం కింద పడ్డాం. అరచేతిలో నా పిడి వెడల్పున కాలిన చార.

మేస్త్రీ చూపుడు వేలు పోయింది మాత్రం షాకుతో కాదు. నెల తర్వాత, గోడకు గాడి కొట్టే మెషీనుతో. గార్డు ఉంటే బ్లేడు లోతుకు దిగదని ముందే ఊడదీసి పెట్టారు.

1923 నాటి పరిహార చట్టం పట్టికలో చూపుడు వేలు మొదలంటా పోతే సంపాదించే శక్తి 14 శాతం తగ్గినట్టు లెక్క ఉండేది. బొటనవేలికైతే 30. ఆ పట్టిక రాసినవాళ్లు ఇరుకు డబ్బాలో నాతో తీగ మెలి తిప్పి చూడలేదు.

కోల్డ్ స్టోరేజీ నిండా ఇప్పుడు మిర్చి టిక్కీలు. నేను ఆ కుర్రాడి బెల్టులో ఉన్నాను. టేపు మార్చలేదు.