పది గంటల దిక్కున పక్షిరాజు గారు

శనివారం రాత్రి పదింటికి వాట్సాప్‌లో తాఖీదు దిగుతుంది. "రేపు పొద్దున సరిగ్గా ఆరింటికి అమీన్‌పూర్ చెరువు గట్టు మీదికి రావాలి. ఎరుపు, పసుపు, తెలుపు బట్టలు వద్దు. సెంటు వద్దు. మాటలు అసలే వద్దు." కింద సంతకం ఉండదు. అక్కర్లేదు. పక్షిరాజు గారు తప్ప ఇంకెవరు పంపుతారు?

ఇది ఆయన అసలు పేరు కాదు. అసలు పేరు పదవీ విరమణ సభలో శాలువా కప్పినప్పుడు చివరిసారి పిలిచారు. ఈయన హైదరాబాదు సొత్తు కూడా కాదు. నలుగురు పోగై ఆదివారం పూట పిట్టల్ని చూడ్డానికి బయల్దేరే ప్రతి ఊళ్లోనూ ఒక పక్షిరాజు గారుంటారు. ఆయన ఊళ్లో లేని వారం బర్డ్ వాక్ ఉండదు, ఉత్త వాకింగే.

మనిషిని పోల్చుకోవడం తేలిక. ఎండుగడ్డి రంగు టోపీ, అదే రంగు ప్యాంటు, పైన పద్నాలుగు జేబుల కోటు. అందులో పదమూడు జేబులు ఖాళీ. పద్నాలుగో దాంట్లో ఇంటావిడ పెట్టిన బీపీ మాత్ర ఉంటుంది, అది ఏ జేబో ఆయనకి గుర్తుండదు. మెడలో బైనాక్యులర్స్. కొత్తవాళ్లు ఎవరైనా వాటి వంక చూస్తే చాలు, "ఎయిట్ బై ఫార్టీటూ" అంటారు. ఎనిమిది రెట్లు దగ్గరగా చూపిస్తుంది, ముందద్దం వెడల్పు నలభై రెండు మిల్లీమీటర్లు అని దాని అర్థం. "పన్నెండు రెట్లదయితే ఇంకా మంచిది కదండీ?" అని అమాయకంగా అడిగిన ఆంటీకి, పెద్ద నంబరుకి చెయ్యి వణుకు కూడా అన్ని రెట్లు కనపడుతుందని పావుగంట బోధపరిచారు. ఆ పావుగంటలో తల మీంచి డేగ ఒకటి వెళ్లిపోయింది. అందరం చూశాం, ఆయన తప్ప.

బర్డ్ వాక్‌లో దిక్కులు తూర్పు పడమరలు కావు. గడియారం ముళ్లు. ఎదురుగా ఉంటే పన్నెండు గంటలు, కుడి చేతి వైపు మూడు. ఆయన ఉన్నట్టుండి ఒంగి, గొంతు తగ్గించి, "పది గంటలు! తుమ్మ చెట్టు! రెండో కొమ్మ!" అంటారు. అప్పుడే చేరినావిడ వాచీ చూసుకుని, "పదింటి దాకా అయితే ఉండలేనండీ, ఇంట్లో పనిమనిషి వస్తుంది" అంది. ఈలోగా పిట్ట తొమ్మిది గంటలకి మారి, అక్కణ్ణించి ఎగిరిపోయింది.

జనం అడిగే ప్రశ్నలంటే ఆయనకి ప్రాణసంకటం. "ఇది ఆడదా, మగదా?" అంటే ఫర్వాలేదు. "దీన్ని తింటారా?" అన్నవాడితో ఆ పూటంతా మాట్లాడరు. కౌజుపిట్ట విషయంలో ఆయనకీ పాతికేళ్ల కిందటి చరిత్ర ఏదో ఉందని అంటారు, తవ్వడం నాకిష్టం లేదు.

ఆయన లోకంలో పిట్టలన్నీ సమానం కావు. కాకి, గోరువంక, పావురం అంటే పక్కింటివాళ్లు. పలకరింపు ఉండదు. శీతాకాలం వలసొచ్చే పిట్ట మాత్రం సంక్రాంతికి దిగిన కొత్తల్లుడు. అది ఏం చేసినా ముద్దే. జమ్ము పక్కన పొదలో ఎండిన ఆకు రంగులో వేలెడంత పిట్ట కనపడీ కనపడకుండా 'చెక్... చెక్' అంటుంది. ఆకు కదులుతుంది, పిట్ట కనపడదు. దాని కోసం ఇరవై మందిమి మోకాళ్ల మీద కూచుని ముప్పావుగంట గడిపాం. చివరికి సగం తోక కనిపించింది. "బ్లైత్స్ రీడ్ వార్బ్లర్!" అని ఆయన కళ్లు మూసుకున్నారు. అదే టైములో వెనక కరెంటు తీగ మీద పాలపిట్ట రెక్కలు విప్పితే ఆకాశంలోంచి నీలం ముక్క రాలినట్టుంది. "అది రోజూ ఉండేదే" అన్నారు, తిరక్కుండానే.

పాలపిట్ట ఆయన గుండెలో మానని పుండు. ఆయనది గుంటూరు జిల్లా, ఇల్లు కట్టుకున్నది మియాపూర్లో. ఉమ్మడి రాష్ట్రపు పక్షి పాలపిట్ట. 2018లో ఆంధ్రప్రదేశ్ రామచిలుకని పెట్టుకుంది, పాలపిట్ట తెలంగాణకి ఉండిపోయింది. "నీళ్లు, నిధులు, రాజధాని... అన్నిటి గురించీ కొట్టుకున్నారు గానీ, పిట్ట గురించి ఒక్కడు నోరెత్తాడా?" అంటారు. దసరా వచ్చిందంటే మాత్రం ఆయన వేరే మనిషి. జమ్మి చెట్టు దగ్గర పాలపిట్టని పంజరంలో పెట్టి దర్శనానికి డబ్బులు దండుకునేవాణ్ణి చూస్తే చాలు, ఉష్ అనడం మరిచిపోయి, పోలీసులొచ్చేదాకా అరుస్తారు. ఆ ఒక్క పూట ఆయన టోపీ కూడా నాకు అందంగానే కనిపిస్తుంది.

సలీం అలీ పేరు మేనమామ పేరులా వాడతారు. 1931, 32ల్లో నిజాం రాష్ట్రంలో పక్షుల సర్వే చేసింది సలీం అలీయే గనక, తనకి చుట్టరికం కలుస్తుందని ఆయన లెక్క. ఇక కలివికోడి కథ. ఏ వాక్‌లోనైనా ఏడున్నరకి, జనం ఆవులించడం మొదలెట్టగానే వస్తుంది. 1848లో జెర్డన్ అనే పక్షి శాస్త్రజ్ఞుడి వల్ల లోకానికి తెలిసిన పిట్ట. 1900 తర్వాత జాడ లేదు, అంతరించిందనుకున్నారు. 1986లో కడప జిల్లా చిట్టడవుల్లో మళ్లీ దొరికింది. ఇక్కడ ఆయన గొంతు బొంగురుపోతుంది. ఆ పిట్టని పట్టి చూపించింది పిట్టలు పట్టుకు బతికే ఊరి మనిషని చెప్పే వాక్యం ఒక్కటి మాత్రం ఎప్పుడూ దగ్గులో కలిసిపోతుంది. ఏటేటా అక్కడి లంకమల అడవికి వెళ్లొస్తారు. పిట్ట దొరకలేదు. దోమలు దొరికాయి, జ్వరం దొరికింది.

ఊరి మనిషితో ఆయనకి అమీన్‌పూర్‌లోనూ తిప్పలే. థర్మకోల్ తెప్ప మీద వలలు తీస్తున్నాయన గట్టుకొచ్చి, "ఏం దేవులాడుతున్రు సార్?" అన్నాడు.

"రాజహంసలు."

"గా పొడుగు కాళ్లయా? నిన్న మాపటి దాంక ఈడనే ఉండె. మీరు ఐతారం జూస్కోని వస్తరు, గవి ఐతారం జూస్కోని రావు గద."

మేం నవ్వాపుకోలేకపోయాం. పక్షిరాజు గారు పుస్తకం తీసి, పెన్సిలు తడి చేసుకుని, మళ్లీ మూసేశారు. తన కంట పడనిది లిస్టులోకి ఎక్కదు. చెరువులోనే పుట్టి పెరిగినవాడు చెప్పినా అంతే.

అలాగని లిస్టుని తీసిపారెయ్యలేం. దేశమంతటా ఇలాంటి పెన్సిళ్లూ ఫోన్లూ పోగుచేసిన మూడు కోట్ల నమోదుల మీదే 2023లో భారత పక్షుల స్థితిగతుల నివేదిక వచ్చింది. 942 జాతుల్లో ఏవి తగ్గుతున్నాయో, ఏవి నిలబడ్డాయో తేల్చే ప్రయత్నం అది. రాసినవాళ్లు దాదాపు ముప్పై వేల మంది, అంటే ముప్పై వేల టోపీలు. అమీన్‌పూర్ చెరువుకి 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలమనే హోదా వచ్చింది కూడా, ఇక్కడ ఏమేం వాలుతున్నాయో ఎవరో ఒకరు రాసిపెట్టబట్టే. ఈ మాట ఆయన ముందు అనకూడదు. అంటే వచ్చేవారం తాఖీదులో వాక్ ఐదింటికి మారుతుంది.

అసలు ఘట్టం టిఫిన్ హోటల్లో. చెరువు దగ్గర చూసినవన్నీ ఇక్కడ వడపోతకొస్తాయి. ఇడ్లీ వచ్చేలోపు యాభై ఎనిమిది. సాంబారు రెండోసారి పోయించుకునేసరికి అరవై ఒకటి. "వడ్రంగిపిట్ట కనపడలేదు, వినపడింది. లెక్కేనా?" అని ఒకరు. "చనిపోయిన పిట్ట ఈక దొరికింది" అని ఇంకొకరు. తీర్పులన్నీ ఆయనవే. పెన్సిలు కింద పెట్టి, "అరవై ఒకటి. ఖాయం" అన్నారు.

అప్పుడు ఎనిమిదేళ్ల కుర్రాడు వడ నములుతూ, "తాతగారూ, కాకి రాశారా?" అన్నాడు.

బల్ల మీద నిశ్శబ్దం. ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మూడు గంటలు చెరువంతా తిరిగినవాళ్లం, కాకిని చూశామని గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలవాడు ఒక్కడు లేడు. ఉండే ఉంటుంది. ఉండకుండా ఎలా ఉంటుంది? కానీ చూడందే రాయకూడదని నియమం పెట్టింది ఆయనే.

ఇంతలో కిటికీ చువ్వ మీద వాలిన కాకి మెడ అటూ ఇటూ తిప్పి, ఒక్క గెంతున బల్ల మీదికొచ్చి, ఆయన ప్లేటులో వడని చిల్లు దగ్గర ముక్కుతో పట్టుకుంది.

"కదలకండి!" అన్నారు పక్షిరాజు గారు. "మెడ బూడిద రంగయితే ఊరకాకి. కాకపోతే బొంతకాకి. ఊరికే రాసెయ్యడానికి వీల్లేదు." బైనాక్యులర్స్ ఎత్తారు. కాకి మూరెడు దూరంలో ఉంది, అద్దాల్లో నల్లటి మసక తప్ప ఏమీ లేదు. వాటికి కనీసం రెండు మీటర్లయినా ఎడం ఉండాలి. కళ్ల దగ్గర్నించి దించకుండానే కుర్చీ వెనక్కి తోసి, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ, కాఫీ ట్రేతో వస్తున్న కుర్రాణ్ణి తప్పించుకుని, క్యాష్ కౌంటరు దాటి, గుమ్మం మెట్టు దిగారు.

"సార్, బిల్లు కట్టి పొండి!" అని అరిచాడు కౌంటరు మీదాయన.

"ఉష్!" అన్నారు పక్షిరాజు గారు రోడ్డు మీంచి.