నాలా పోయింది, నాలాంటివాడు మిగిలాడు

పేపర్లో 'నాలా రద్దు' అని చూసి గుండె ఝల్లుమంది. నాలా ఉన్నవాళ్లందర్నీ ఒక్క జీవోతో ఎత్తేశారేమో అనుకున్నాను. తీరా చూస్తే అది 2006 నాటి చట్టం పేరు. సాగుభూమిని ఇంకో పనికి మార్చాలంటే ఆర్డీవో అనుమతి తెచ్చుకోమనేది. ఇక ఆ తిప్పలు లేవు. భూమి విలువలో 4 శాతం 'బాహ్య అభివృద్ధి రుసుము' కడితే చాలట.

పొలానికే ఇంత సులువైతే మనిషికెంతసేపు? రామాపురంలో ఎకరన్నర సొంతం, మూడెకరాలు కౌలు చేసే నేను, నన్నే వ్యవసాయేతరానికి మార్పించుకుందామని తెనాలి బయల్దేరాను. కాలవ గట్టున టీకొట్టు దగ్గర మా ఊరి వెంచర్ కుర్రాడు దొరికాడు. వాడికి జోన్లూ అనుమతుల మాటలన్నీ కంఠతా.

"ముందు నీ జోనేంది బాబాయ్?"

"2015 డిసెంబరులో రాజధాని ప్రాంత సంస్థ సీఆర్డీయే ముసాయిదా పటంలో మన డెల్టాకి ఆకుపచ్చ పూశారు కదరా. వ్యవసాయ పరిరక్షణ జోనన్నారు."

"మరి పరిరక్షించారా?"

"ఎక్కడ! ఇల్లు కూడా కట్టుకోనివ్వరేమోనని మనోళ్లే గోల చేశారు." (అబద్ధమెందుకు, ఆ గోలలో నేనూ ఉన్నాను.)

"సర్లే. ఎఫ్ఎస్ఐ? అంటే, నీ మీద ఎన్ని అంతస్తులు లేపొచ్చో లెక్క."

"ఇప్పటికే లేచాయి. కింద సొసైటీ అప్పు, దాని మీద బంగారం తాకట్టు, ఆపైన ఎరువుల కొట్టు ఖాతా. పెంట్‌హౌస్‌లో వడ్డీ వ్యాపారి ఉంటాడు."

"సెట్‌బ్యాక్? అంటే, హద్దు నుంచి వెనక్కి వదిలే జాగా."

"ఏటా ఉంది. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరేగా తీరం దాటింది. కోతకొచ్చిన చేను కళ్లముందే పడుకుంది."

"టీడీఆర్ అని ఇంకోటుంది. ఇక్కడి హక్కు ఇంకోచోటికి బదిలీ చెయ్యడం."

"అదీ వాడేశారబ్బాయ్. మునిగింది నేను, పరిహారం పడింది హైదరాబాదులో ఉండే ఆసామి ఖాతాలో."

"మిక్స్‌డ్ యూజ్?"

"సార్వాకి వరి, ఆ తర్వాత మినుమో జొన్నో, గట్టున కంది."

వాడు నుదురు కొట్టుకున్నాడు. కింద షాపు, పైన ఇల్లు ఉంటేనే అదట. ఇక నా మార్కెట్ విలువలో 4 శాతం ఎంతో ఫోన్లో లెక్కేసి, టీ డబ్బులు వాడే ఇచ్చాడు.

"ఇదంతా దండగ బాబాయ్. నిన్ను మార్చడానికి దరఖాస్తు దేనికి? పక్క చేలో మా ప్రహరీ లేచింది కదా, రెండు వానాకాలాలు ఓపిక పట్టు. నువ్వే మారిపోతావ్."

వాడు నవ్వుతూనే అన్నాడు. ఆ 'బాహ్య' అన్న మాటకి అర్థం నాకప్పుడు తెలిసింది. గోడ లోపల మూడడుగుల మెరక తోలతారు, పంటబోదె పూడుస్తారు. బయటంటే నా చేను. లోపలి నీళ్లన్నీ దిగేది అక్కడికే. బల్లపరుపుగా ఉండే డెల్టా నేలలో ఒక్క బోదె మూసుకుపోతే పైనున్న చేలన్నీ నిలవనీళ్లే. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం వాళ్లిచ్చిన బీపీటీ 5204 వరి పండే నేలని పట్టుకుని వెంచర్ కాగితాల్లో 'ఖాళీ స్థలం' అని రాస్తారు. చేతులెలా వస్తాయయ్యా?

ఆర్డీవో సంతకం పెద్ద కాపలా కాదని నాకూ తెలుసు. ఆ సంతకంతోనే ఎన్ని చేలు రాళ్లు పాతుకున్నాయో చూశాం. లేఅవుట్‌కి అనుమతి ఇంకా ఉందిగా అంటారు. ఉంది. అందులో రోడ్డు వెడల్పు కొలుస్తారు, పార్కు జాగా కొలుస్తారు. నీళ్లెటు పోవాలని పక్క చేనివాణ్ణి పిలిచి అడిగిందెప్పుడు? 4 శాతం కట్టి నా మడిలోకి మురుగు వదిలే హక్కు ఎవడిచ్చాడు? అడ్డం వచ్చే కాగితాలన్నీ తీసేస్తున్నారు సరే, కౌలురైతుకి కార్డు రావాలంటే ఆసామి సంతకం ఉండాలని 2019 చట్టంలో రాశారే, దాన్ని చింపడానికి ఈ తొందర ఎవరికీ పుట్టలేదేం?