నాలుగు బిరడాలు

గూడెంలో అటక మీద, వాడని ఇత్తడి బిందెల వెనక చాలా ఏళ్లున్నాను. ఇంటికి సున్నం వేయించేటప్పుడు దింపారు. పెద్దాయన కొడుకు నన్ను దుప్పట్లో చుట్టి, పాసింజరెక్కించి, ఏలూరులో చెల్లెలింటికి తెచ్చాడు.

“నాన్నగారి మాండలిన్. ఇటలీదనేవారు. మీ అమ్మాయి కనిపెడుతుందేమో చూడు” అన్నాడు.

ఆ పిల్ల నన్ను చాప మీద బోర్లా పడుకోబెట్టింది. నా వీపు పలక కాదు, సన్నటి చెక్క బద్దలు పక్కపక్కన అతికించిన డిప్ప. వేలితో తడుముతూ లెక్కపెట్టింది, 19 బద్దలు. తిప్పి టేపు పెడితే, మెడ మొదట్లోంచి గుర్రం దాకా 33 సెంటీమీటర్లు. గుర్రం కింద పైపలక కాస్త మడిచినట్టు ఉంటుంది. అది వంకర కాదు, తీగల లాగుడికి ఆగాలని పుట్టుకలోనే పెట్టిన వంపు. ఇదంతా నేపుల్స్ పద్ధతి. అక్కడి వినాచ్చా కుటుంబం 18వ శతాబ్దంలోనే ఈ తీరు మాండలిన్లు చేసింది.

“అయితే ఇటలీదేనా?” తల్లి ఆశగా అడిగింది.

“తీరు అక్కడిదమ్మా. జర్మనీలోనూ జపాన్‌లోనూ ఇలాంటివి చేశారు.”

సెల్‌ఫోను లైటు వేసి నా లోపలికి అద్దం దూర్చింది. చేసినవాళ్ల పేరు అంటించే చోట నలుచదరపు జిగురు మరక ఉంది, కాగితం లేదు. కొల్లేటి చెమ్మ తినేసింది. పెద్దాయనది కైకలూరు అవతల లంక ఊరు. వానాకాలం గోడలు చెమర్చేవి, నా బద్దల మధ్య జిగురు వదిలేది. ఫాల్గుణంలో పెద్దింట్లమ్మ తిరునాళ్లకి కొల్లేటికోట వెళ్తూ ఆయన నన్ను తాటిదోనెలో ఒళ్లో పెట్టుకునేవాడు. నీళ్లు ఎగిరితే తన కండువా తీసి నా మీద కప్పేవాడు. తను తడిసేవాడు.

నాకు ఎనిమిది తీగలు, నాలుగు జతలు. గమకానికి లాగితే జతలో రెండూ ఒకేలా సాగవు. కళ్యాణిలో ఆ చోటు రాగానే పెద్దాయన ఆగి, మళ్లీ మొదలుపెట్టి, మళ్లీ ఆగేవాడు. అప్పుడొచ్చాడు పాలకొల్లు పిల్లాడు ఉప్పలపు శ్రీనివాస్. ఆరో ఏట తండ్రి మాండలిన్ అందుకుని, 1978లో తొమ్మిదేళ్లకే గుడివాడలో కచేరీ చేశాడు. తర్వాత జతలు తీసేసి ఐదు ఒంటి తీగలతో, విద్యుత్ మాండలిన్ మీద గమకాలు పలికించాడు. రేడియోలో అతని కచేరీ విన్న రాత్రి పెద్దాయన నిద్రపోలేదు. లాంతరు ముందేసుకుని నా ప్రతి జతలోంచీ ఒక తీగ విప్పేశాడు. తెల్లారేసరికి కళ్యాణి ఆగకుండా వెళ్లింది. నా బతుకులో అంత మంచి పొద్దు ఇంకోటి లేదు.

“అమ్మా, ఇటు చూడు” అంది పిల్ల, నా తల వెనక గుడ్డతో తుడుస్తూ. ఎనిమిది బిరడాల్లో నాలుగింటి ఇత్తడి చక్రాలకి పళ్లరిగాయి. ఒకటి విడిచి ఒకటి, మిగతా నాలుగూ చిలుము పట్టి బిగుసుకుపోయాయి.

తల్లి చాలాసేపు ఆ అరిగిన పళ్ల మీద వేలు ఆనించి కూచుంది. “దోమతెరలోంచి వినేదాన్ని” అంది.

మర్నాడు ఏలూరు బజార్లో వాద్యాల కొట్టతను నన్ను చూసి, “ఎనిమిది తీగల సెట్టే కదమ్మా?” అన్నాడు.

“నాలుగు చాలు బాబూ. సన్నవి ఇవ్వు, పాత పలక” అంది తల్లి.