చిరుతబల్లి భోజన సూత్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: చిరుతబల్లికి దినము విడిచి దినము, సాయంసంధ్యయందు, రెండు కన్నుల నడిమి దూరమునకు మించని సజీవ కీటకములను సున్నపుపొడియందు పొర్లించి, పట్టకారుతో అందించి, శేషమును తొలగింపవలెను.

అవతారిక: పెంపుడు బల్లితో పాటు కొన్నవారి చేతికి వచ్చే సూచనల కాగితాలన్నిటినీ పిండితే మిగిలే వాక్యం ఇది. బల్లికి పురుగులు వేయడం చిన్న పని. చిన్న పనికి పెద్ద గొంతు కావలసి వచ్చి గ్రాంథికం అరువు తెచ్చుకున్నారు. గ్రాంథికం వచ్చిన చోటికి టీక కూడా రాక తప్పదు.

ఈ టీక పుట్టిన కడప సీమలో టీకకు మర్యాద పాతది. 1820లో ఉద్యోగం మీద ఇక్కడికి వచ్చిన సి.పి. బ్రౌన్ కడపలో బంగళా కొని, పండితులకు తన జేబులోంచి జీతాలిచ్చి, కావ్యాలకు శుద్ధప్రతులూ వ్యాఖ్యలూ రాయించాడు. జూలూరి అప్పయ్య మనుచరిత్రకు, వసుచరిత్రకు చేసిన వ్యాఖ్యలు ఆ కోవలోవే. ఆ గడ్డ మీద పురుగుల డబ్బాకు వ్యాఖ్య రాయవలసి రావడం కాలమహిమ.

చిరుతబల్లి: చిరుత వంటి బల్లి, ఉపమాన పూర్వపద కర్మధారయం. ‘చిరుత’ అంటే చిన్నది అనే అర్థమూ తెలుగులో ఉంది గాని, పెరిగితే జానెడు పొడవుండే జంతువుకు అది పొసగదు. పిల్లగా ఉన్నప్పుడు దీని ఒంటిమీద ఉండేవి అడ్డపట్టీలు. పెరిగేకొద్దీ అవి విడిపోయి మచ్చలవుతాయి. అంటే పుట్టినప్పుడు పులి, పెద్దయ్యాక చిరుత. సమాసం పెద్దవాటికే వర్తిస్తుంది. స్వస్థలం అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతపు రాతినేలలు. 1854లో కలకత్తాలో ఎడ్వర్డ్ బ్లిత్ దీన్ని వర్ణించి పేరు పెట్టాడు. దీని ప్రజాతి పేరు యూబ్లెఫారిస్. గ్రీకులో మంచి కనురెప్పలు గలది అని అర్థం. ఇంటిబల్లికి మూసి తెరిచే రెప్పలు లేవు, నాలుకతో కళ్లు తుడుచుకుంటుంది. చిరుతబల్లి కళ్లు మూసుకుని నిద్రపోతుంది.

విశేషం: ఇది గోడ ఎక్కదు. ఇంటిబల్లి వేళ్ల కింద ఉండే అంటుడు మెత్తలు దీనికి లేవు, గోళ్లు మాత్రమే ఉన్నాయి. ఇక్కడ ఒక చిక్కు. సంస్కృత నిఘంటువులు బల్లిని గృహగోధిక అన్నాయి, ముసలి అన్నాయి. అంతటితో ఆగక కుడ్యమత్స్యం అని కూడా అన్నాయి. కుడ్యమంటే గోడ. గోడ మీది చేప! సున్నం కొట్టిన తెల్లగోడ మీద దీపం వెలుగులో, ఒళ్లు అటూ ఇటూ వంచుతూ బల్లి జారుకుంటుంటే చూసినవాడెవడో పెట్టిన పేరు. కాళ్లు కనబడవు, ఈత కనబడుతుంది. ఆ ఒక్క మాటకు ఒక ప్రబంధం ఇచ్చినా అప్పు తీరదు. ‘ముసలి’ సంగతి వేరు. సంస్కృతంలో అది బల్లి, తెలుగులో వయసు మళ్లినవారు, మొదటి అక్షరానికి ఒత్వమిస్తే నీళ్లలో ఉండే మొసలి. మూడింటినీ ఒకే వాక్యంలో పెట్టిన విద్యార్థిని పరీక్షలో తప్పించరాదు.

గోడ ఎక్కనిది మీద పడదు. కాబట్టి పంచాంగం వెనక పేజీల్లోని బల్లిపాటు ఫలితాలు చిరుతబల్లికి వర్తించవు. తల మీద పడితే ఒకటి, భుజం మీద పడితే ఒకటి అని వరసగా రాసిన ఆ పట్టిక పెట్టెలోని బల్లి ముందు నిరుపయోగం. దోషం పోవడానికి కంచి దాకా వెళ్లి వరదరాజస్వామి గుడిలో బంగారు బల్లిని ముట్టుకునే ఖర్చు కూడా మిగులుతుంది. నిజమైన బంగారు బల్లి దగ్గర్లోనే ఉంది. 1870లో బెడోమ్ వర్ణించిన ఆ పసుపు రంగు బల్లి శేషాచలం కొండల రాతి చరియల్లో బతుకుతుంది. దానికి పట్టకారుతో ఎవరూ పెట్టరు.

వ్యాఖ్య దారి తప్పింది. మూలానికి రావాలి.

దినము విడిచి దినము: సుగమం.

సాయంసంధ్యయందు: పొద్దు వాలాకే వేటాడే జాతి కనుక. పెట్టెలో వెచ్చని మూల 32 డిగ్రీల దగ్గర ఉండాలని కాగితాలు వేడిపలక కొనమంటాయి. నలభై దాటే పులివెందుల ఎండాకాలంలో ఆ పలకకు పని లేదు. మిద్దె పైకప్పే చూసుకుంటుంది.

రెండు కన్నుల నడిమి దూరము: ఎవరి కన్నుల నడుమ అని మూలంలో లేదు. పెట్టేవారివైతే తేలు కూడా సరిపోతుంది. బల్లివే అని గ్రహించాలి.

సజీవ కీటకములను: వాక్యానికి ప్రాణం ఈ పదం. కదలనిది ఈ బల్లి కంటికి సాధారణంగా ఆహారం కాదు. పురుగు కదలగానే బల్లి నిలిచిపోతుంది, తోక కొస సన్నగా వణుకుతుంది, మెడ ముందుకు సాగుతుంది, ఆ వెంటనే దవడ మూసుకుంటుంది. మిగులు కొవ్వును ఎక్కువగా ఆ తోకలోనే దాచుకుంటుంది. మామూలుగా పెట్టేది తవుడులో పెంచిన పిండిపురుగు. నిలవ ఉన్న గోధుమపిండిలో పడే ఎర్రపెంకు పురుగుకు ఇది చుట్టమే, కుటుంబం ఒకటి. ఆ చుట్టాన్ని జల్లెడ పట్టి వీధిలో పారేసిన చేతులే దీన్ని డబ్బు పెట్టి కొంటాయి. గోడమీది చేపకు పొరక దెబ్బ, పెట్టెలోని దానికి కొన్న పురుగు. ఇందులో అలంకారమేదో లాక్షణికులే తేల్చాలి.

చేనులో ఏరిన పురుగులు పెట్టరాదని కాగితాలు ఒక్క గొంతుతో చెబుతాయి. కారణం, వాటి ఒంట్లో మందు ఉంటుంది. ఇది నిజం. జమ్మలమడుగు, పులివెందుల నల్లరేగళ్లలో బుడ్డశనగకు వచ్చే పచ్చపురుగు కాయకు బెజ్జం చేసి, తల లోపల, సగం ఒళ్లు బయట పెట్టుకుని గింజ తింటుంది. దాని మీద మందు కొడతారు. 1971 నాటి క్రిమిసంహారక నియమాల ప్రకారం మందు డబ్బాపై విషం తీవ్రతను చెప్పే రంగు త్రికోణం ఉండాలి: ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, ఈ వరసలో తగ్గుతుంది. లోపల కరపత్రం ఉండాలి. అది ఉంటుంది కూడా. నాలుగు మడతలు విప్పితే హిందీ, ఇంగ్లీషు, తెలుగు, చీమతల అక్షరాలు. బల్లి నోట్లోకి మందు పోకూడదన్న హెచ్చరిక బల్లి కాగితంలో లావు అక్షరాల్లో ఉంటుంది. వీపున ట్యాంకు మోసేవాడి ముక్కులోకి పోకూడదన్నది ఈ కరపత్రంలో, భూతద్దం పెడితే కనబడేలా ఉంటుంది. అందులోనూ గ్రాంథికమే.

సున్నపుపొడియందు పొర్లించి: ఇది తాంబూలపు సున్నం కాదు. అది పెడితే బల్లి నోరు కాలుతుంది. కాల్షియం కార్బొనేట్ పొడి అని అర్థం. పిండిపురుగులో కాల్షియం తక్కువ, భాస్వరం ఎక్కువ. పొడి లేకుండా నెలల తరబడి అవే పెడితే ఎముకలు గుల్లబారి దవడ మెత్తబడుతుంది. మూలంలో పనికొచ్చే మాట ఇదొక్కటి, దాన్ని మధ్యలో దాచారు.

పట్టకారుతో: పట్టకారు వంటింటిది, నిప్పు పట్టేది. బంగారు అంగళ్ల ప్రొద్దుటూరులో దీనికి తగిన మాట కంసాలి శ్రావణం. కొస మొద్దుగా ఉండాలి, బల్లి శ్రావణాన్ని కూడా కరుస్తుంది.

శేషమును తొలగింపవలెను: పెట్టెలో వదిలేసిన పురుగు నిద్రపోయే బల్లిని కొరకవచ్చు కనుక.

తాత్పర్యం: బల్లికి పురుగులు వేసి, మిగిలినవి తీసేయాలి.