లాగ్‌బుక్‌లో లేని గడి

తెలుగునాట పైలట్ కావాలనుకునే విద్యార్థికి ఇంట్లో దొరికే తొలి అనుమతి సాధారణంగా షరతుతోనే వస్తుంది: ముందు డిగ్రీ పూర్తి కావాలి, ఆ తరువాత ఎటు ఎగిరినా ఎవరికీ అభ్యంతరం లేదు. ఈ షరతును లోకానుభవంగా చెప్పే పెద్దలూ, దానికి తగిన సరుకును అంగట్లో పెట్టిన కళాశాలలూ కలిసి ఒక కొత్త శాస్త్రాన్నే నిర్మించారు. దానికి డిగ్రీవాదమని పేరు పెట్టవచ్చు. డిగ్రీ అనే పునాది లేనిదే మనిషి గాలిలోకి లేవలేడన్నది ఈ వాదపు మూలసూత్రం. పునాది కావలసింది నేలను వదలని కట్టడానికని, ఎగిరేదానికి అది బరువేనని ఎవరైనా గుర్తుచేస్తే, అటువంటివారికి పిల్లల భవిష్యత్తుపై బాధ్యత లేదని ఈ శాస్త్రజ్ఞులు తీర్పు చెబుతారు.

చట్టం మాత్రం ఈ మూలసూత్రాన్ని గుర్తించలేదు. భారతదేశంలో జీతం తీసుకుని విమానం నడపడానికి కావలసిన అనుమతిపత్రాన్ని కమర్షియల్ పైలట్ లైసెన్సు, వాడుకలో సీపీఎల్ అంటారు. దానిని ఇచ్చేది పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే డీజీసీఏ. ఆ సంస్థ అడిగే చదువు భౌతిక, గణిత శాస్త్రాలతో ఇంటర్మీడియట్. అడిగే కనీస వయసు 18 ఏళ్లు. వాటితోపాటు నావిగేషన్, వాతావరణ శాస్త్రం, విమానయాన నిబంధనలు, విమాన సాంకేతిక విషయాల పరీక్షలలో 70 శాతం మార్కులు, రేడియోలో మాట్లాడే అర్హతకు ఆర్‌టీఆర్ అనే వేరొక పరీక్ష, క్లాస్ 1 వైద్య పరీక్ష, 200 గంటల ఫ్లయింగ్ ఉండాలి. ఎంపీసీ పిల్లలకు కొదవలేని రెండు తెలుగు రాష్ట్రాలలో ఈ చదువు అర్హత ఇంటింటా ఉన్నదే. అయినా ఈఏపీసెట్ ర్యాంకు ఎంతని డీజీసీఏ అడగకపోవడం తల్లిదండ్రులకు అనుమానాస్పదంగా తోస్తుంది, ఎందుకంటే ర్యాంకు అడగనిది ఉద్యోగమెలా అవుతుందన్నది వారి ధర్మసందేహం.

పైలట్ వెంట ఉద్యోగకాలమంతా నడిచే పుస్తకం ఒకటుంది, దాని పేరు లాగ్‌బుక్. అడ్డంగా పరచుకున్న ఆ పుటలో తేదీ, విమానం రకం, దాని రిజిస్ట్రేషన్ గుర్తు, బయలుదేరిన చోటు, దిగిన చోటు, శిక్షకుడి పక్కన కూర్చుని నడిపిన సమయం, తానే బాధ్యుడిగా నడిపిన సమయం, పగటి గంటలు, రాత్రి గంటలు, బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలను మాత్రమే నమ్మి నడిపిన గంటలు అంటూ వరుసగా గడులుంటాయి. తానే బాధ్యుడిగా నడపడాన్ని పైలట్ల భాషలో పీఐసీ అంటారు. సీపీఎల్‌కు కావలసిన 200 గంటలలో 100 గంటలు ఆ గడిలోనే పడాలి. పుస్తకాన్ని ఎన్నిసార్లు తిరగేసినా డిగ్రీకి కేటాయించిన గడి మాత్రం కనబడదు. ఆ 200 గంటలను రాత్రింబవళ్లు ఎడతెగకుండా పేర్చితే ఎనిమిది రోజుల ఎనిమిది గంటలవుతుంది. డిగ్రీవాదులు ముందుగా పూర్తిచేయమనే బీటెక్‌కు ఎనిమిది సెమిస్టర్లు పడుతుంది. మబ్బులు, వానలు, విమానాల కొరత, రన్‌వే దగ్గర వంతులు అన్నీ కలిసి ఆ ఎనిమిది రోజులను ఏడాదిన్నరకో రెండేళ్లకో సాగదీస్తాయి, ఖర్చును అరకోటికి అటువైపు తోస్తాయి. అయితే ఆ ఆలస్యాన్ని తగ్గించే శక్తి గాని, ఆ ఖర్చులో ఒక్క రూపాయి మాఫీ చేసే శక్తి గాని ఇంజనీరింగ్ డ్రాయింగ్ మార్కులకు లేదు.

ఈ శాస్త్రానికి ప్రామాణిక గ్రంథం కళాశాల బ్రోచర్. దాని అట్టమీద తెల్లచొక్కా వేసుకుని నవ్వుతున్న యువకుడి భుజాలపై నాలుగు బంగారు చారలుంటాయి. నాలుగు చారలు కెప్టెన్‌కు గుర్తు. కెప్టెన్‌కు ఉండవలసిన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు రావాలంటే కనీసం 21 ఏళ్ల వయసు, 1500 గంటల ఫ్లయింగ్ ఉండాలి. మూడేళ్ల కోర్సు పూర్తిచేసినవారికి నాలుగు చారలు కనబడేటట్లు చేయగల ఈ చిత్రకళను మెచ్చుకోకుండా ఉండలేము. అట్ట తిప్పితే బీబీఏ ఏవియేషన్ అనే పేరు కింద విమానాశ్రయ నిర్వహణ, సరుకు రవాణా, ప్రయాణికుల సేవలు అనే పాఠాలుంటాయి. అవి నేలమీద ఉద్యోగాలకు పనికివచ్చేవే గనుక వాటిని తప్పుపట్టనక్కరలేదు, అట్టమీది చారలకూ వాటికీ చుట్టరికం ఏమిటన్నదే ప్రశ్న. ఫ్లయింగ్ శిక్షణకు రుసుము వేరుగా చెల్లించాలన్న సమాధానం చివరి పుటలో చీమలబారు అక్షరాలలో దొరుకుతుంది. ఏరోనాటికల్ ఇంజనీరింగ్ చదివితే పైలట్ అయినట్లేనన్న నమ్మకం ఇంకా గొప్పది. రెక్కమీద గాలి ఒత్తిడిని లెక్కకట్టగలవాడికి విమానం నడపడం వచ్చుననుకోవడం, కుండ చేసిన కుమ్మరికి వంట వచ్చుననుకోవడం వంటిది. మరమ్మతు ముగిసిన విమానం ఎగరడానికి సిద్ధమని సంతకం పెట్టే హక్కు కూడా ఆ పట్టాతో సంక్రమించదు. దానికి విమాన నిర్వహణ ఇంజనీరు లైసెన్సు మళ్లీ వేరే.

వాదం ఇక్కడ తడబడినప్పుడు అమెరికా సంబంధం అక్కరకు వస్తుంది. అక్కడ డిగ్రీకి విలువ ఉందన్న మాట అబద్ధం కాదు: 2013 నుంచి అక్కడి విమాన సంస్థలలో కో-పైలట్‌గా చేరడానికి కూడా సాధారణంగా 1500 గంటలు కావాలి, అయితే గుర్తింపు పొందిన సంస్థలో విమానయానం ప్రధానాంశంగా నిర్దేశించిన కోర్సులతో నాలుగేళ్ల డిగ్రీ చేసినవారికి 1000 గంటలు చాలు. ఈ 500 గంటల రాయితీ అమెరికా నియమావళిలోనిది. డీజీసీఏ సీపీఎల్ లెక్కలో దానికి చోటు లేదు. పైగా అదే దేశంలో డెల్టా విమాన సంస్థ పైలట్ ఉద్యోగాలకు నాలుగేళ్ల డిగ్రీ తప్పనిసరన్న నియమాన్ని 2022లో ఎత్తివేసింది. అమెరికాలో ఇల్లు కొన్న బంధువుల సమాచారం ఇంటింటికీ చేరుతుంది గాని, ఈ రెండో వార్త ఎందుకో ఇంకా సముద్రం దాటలేదు.

డిగ్రీవాదంలో నిజంగా బరువున్న మాట ఒక్కటే, దానికి జవాబు చెప్పకుండా తప్పుకోవడం న్యాయం కాదు. విమాన సంస్థలు కూలిపోతాయి: కింగ్‌ఫిషర్ 2012లో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో, గో ఫస్ట్ 2023 మేలో రెక్కలు ముడిచాయి. పైలట్ ఆరోగ్యం కూడా ఎప్పుడైనా వైద్య పరీక్షలో ఓడిపోవచ్చు. కాబట్టి చేతిలో మరో విద్య ఉండాలన్నది వివేకమే. ఆ వివేకంతోనే బీబీఏ ఏవియేషన్‌ను ఎంచుకోవడం మాత్రం వింత, ఎందుకంటే విమాన సంస్థ మూతపడిన రోజున దాని పైలటూ, దాని విమానాశ్రయ మేనేజరూ ఒకే వరుసలో నిలబడి ఒకే బకాయి కోసం ఎదురుచూస్తారు. ఇల్లు కాలినప్పుడు బావి తవ్వడం తెలివితక్కువన్నారు పెద్దలు. ముందే తవ్వినా మండే వంటింట్లో తవ్వితే ప్రయోజనమేమిటో వారు చెప్పలేదు, అంతటి తెలివి ముందుకాలానికి వస్తుందని ఊహించి ఉండరు. లెక్కలు, వాణిజ్యం, కంప్యూటర్లు వంటి నేలమీది విద్య ఏదైనా ఈ పనికి మేలు. దానిని కూడా ఫ్లయింగ్ మానుకుని చదవనక్కరలేదు, హైదరాబాద్‌లో 1982లోనే సార్వత్రిక విశ్వవిద్యాలయం వెలిసింది, దూరవిద్య అప్పటినుంచీ అందుబాటులోనే ఉంది.

ముందు డిగ్రీ అనే వరుసక్రమానికి చెల్లించే ధర మరొకటి ఉంది. భారతదేశంలో వాణిజ్య విమానం నడిపే పైలట్ 65 ఏళ్లకు కాక్‌పిట్ దిగాలి. మొదట్లో పోయిన నాలుగేళ్లను చివర ఎవరూ కలపరు, కాబట్టి తగ్గేవి కెప్టెన్ జీతపు నాలుగేళ్లే. అంతకంటె చిత్రమైనది వైద్య పరీక్ష సంగతి. రంగురంగుల చుక్కల మధ్య అంకెను దాచిన ఇషిహారా పలకలను వైద్యుడు ఒక్కొక్కటిగా తిప్పుతూ చదవమంటాడు. ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియని కంటికి అక్కడ అంకె కనబడదు, వట్టి చుక్కలే కనబడతాయి. తరువాతి లోతైన పరీక్షలలో కూడా నెగ్గకపోతే పైలట్ ఆశ అక్కడితో ముగుస్తుంది. ఆ పలకలను 17 ఏళ్లప్పుడు చూసినా, పట్టభద్రుడయ్యాక చూసినా కనబడేది ఒక్కటే. అయినా తెలుగు కుటుంబంలో నాలుగేళ్ల ఫీజు ముందు, ఆ పలకలు చివర. కోర్సు పేరు, క్యాంపస్ విస్తీర్ణం, హాస్టల్ భోజనం అన్నీ విచారించి వచ్చే తండ్రి కొడుకు కళ్లను మాత్రం విచారించడు. డిగ్రీవాదానికి ఇంతకాలం ఆయువు పోస్తున్నది ఆ మరపే.