షుగర్ తగ్గింది

వడ్డేపల్లిలో ఆ పెద్దాయనకు రెండెకరాల సీడు పత్తి, పదిహేనేళ్ల షుగరు. చేనుకు రాజోలిబండ కాలువ నీళ్లు అందినా అందకపోయినా, ఇంట్లో ప్రతి పూటా అందే మాట ఒకటే: "నాయినా, షుగరు తగ్గించుకో." కోడలు ఆయన చాయలో చక్కెర వేయదు. మనవరాలు పండగనాడు కూడా భక్ష్యాల పళ్లెం ఆయన దగ్గరికి రానివ్వదు.

కిడ్నీలో రాయి ఉందేమోనని తుంగభద్ర దాటి కర్నూలు పోయి స్కానింగ్ తీయించాడు. రాయి లేదు. కడుపు వెనకాల క్లోమంలో నీటితిత్తి ఒకటి కనబడింది. నొప్పి లేదు, వాంతి లేదు. వేరే దేనికో తీసిన స్కానింగ్‌లో ఇట్లాంటివి బయటపడడం ఈ రోజుల్లో మామూలే.

హైదరాబాదులో డాక్టరు ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. "పెద్దాయనా, ఈ తిత్తుల్లో రకాలున్నాయి. క్లోమం వాచి తగ్గాక మిగిలిపోయేది ఒకటి. పలచటి నీరు నిండేది ఇంకొకటి. ఈ రెండిటితో క్యాన్సర్ భయం దాదాపు ఉండదు. మూడోది జిగురు ఊరే తిత్తి. అది ఏళ్లు గడిచేకొద్దీ క్యాన్సర్‌గా మారొచ్చు. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉండి, అవసరమైన రోజున తీసేస్తాం. స్కానింగ్‌లో ఒక్కోసారి మూడూ ఒకేలా ఉంటాయి. లోపలి నీళ్లు తీసి చూడాలి."

పెద్దాయనకు వెంటనే అర్థమైంది. "మా జీఓటీ మాదిరే గద సారూ! పత్తి విత్తనం చేతిల పట్టుకుంటే ఏం తెల్వదు. కంపెనీ దాన్ని నాటి, మొక్క లేచినంక చూస్తేనే అసలుదో కల్తీదో తేలేది. పాసైతేనే మాకు పైసలు."

"అచ్చం అదే," అన్నాడు డాక్టరు.

నోట్లోంచి ఎండోస్కోపు గొట్టం దింపి, దాని కొసనున్న అల్ట్రాసౌండ్‌తో తిత్తిని చూసుకుంటూ, కడుపు గోడలోంచి సన్నటి సూది గుచ్చి నీళ్లు లాగారు. చెంచాడు కూడా లేని ఆ నీళ్లనే అన్ని పరీక్షలకూ పంచారు. అమైలేజ్ అనే ఎంజైము లీటరుకు 250 యూనిట్ల లోపుంటే అది వాపు వల్ల వచ్చిన తిత్తి కాదని దాదాపు తేల్చేయొచ్చు. సీఈఏ అనే ప్రొటీను మిల్లీలీటరుకు 192 నానోగ్రాములు దాటితే జిగురు తిత్తి అని అనుమానిస్తారు. 2004లో అమెరికా వైద్యులు ఆపరేషన్ అయిన 112 మంది ఫలితాలతో పోల్చి గీసిన గీత అది. ఆ గీత నూటికి 79 సార్లు నిజం చెప్పింది. మిగతా 21 సార్లు తప్పింది. ఆ లోటు పూడ్చడానికే తిత్తి నీళ్లలో గ్లూకోజు కూడా చూస్తున్నారు. వీలున్నచోట కేరాస్, జీనాస్ అనే జన్యువుల్లో మార్పులూ వెతుకుతారు.

రిపోర్టు కొడుకు వాట్సాప్‌కు వచ్చేసరికి చేలో క్రాసింగ్ ముమ్మరంగా సాగుతోంది. సాయంత్రం ఆడ మొగ్గల్లోని కేసరాలు గిల్లేయాలి, తెల్లారి మగపూలు తెచ్చి రుద్దాలి. ఒక్కరోజు కూలీలు తప్పితే ఆనాటి పూలన్నీ పోయినట్టే. కొడుకు గట్టుమీద నిలబడే చదివాడు. అమైలేజ్ 110. సీఈఏ 160, అంటే 192 దాటలేదు. గ్లూకోజ్ 14, పక్కన కిందికి చూసే బాణం.

"పద్నాలుగా? మల్ల సదువు!"

మళ్లీ చదివినా పద్నాలుగే. "నెత్తురుల అంత తక్కువుంటే మనిషి పడిపోతడు గద మామా," అని కోడలు సందేహపడింది.

"ఇది నెత్తురుది గాదు, తిత్తిలది. తిత్తికి షుగరు అంటలేదన్నట్టు!"

ఆ మాట అందరికీ సబబుగానే తోచింది. శాంతినగర్ నుంచి లడ్లు తెప్పించి కూలీలందరికీ పంచారు. మనవరాలే ఒక లడ్డు విరిచి తాత నోట్లో పెట్టింది. డాక్టరు రమ్మన్న తారీఖు వచ్చింది. "అన్నీ తక్కువే వచ్చినయి గద, పత్తి తీసినంక పోదాం" అన్నాడు పెద్దాయన. పత్తి తీశారు, గింజలు కంపెనీకి అప్పజెప్పారు, సంక్రాంతి వెళ్లిపోయింది.

ఫిబ్రవరిలో ఆసుపత్రి వాళ్లే ఫోన్ చేసి పిలిపించారు. కొత్త స్కానింగ్‌లో తిత్తి గోడకు గడ్డ మొలిచి ఉంది. ఆపరేషన్ ఆలస్యం చేయకూడదన్నారు.

"ఎట్ల సారూ? షుగరు పద్నాలుగే ఉండె గద!"

డాక్టరు కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "పెద్దాయనా, మామూలు తిత్తి నీళ్లలో గ్లూకోజు బాగానే ఉంటుంది. జిగురు తిత్తిలో పడిపోతుంది. 50 లోపుంటే జిగురు తిత్తేనని అనుమానించాలి. ఒళ్లంతా తగ్గాల్సిన షుగరు, ఆ ఒక్కచోట మాత్రం ఎక్కువ ఉండాల్సింది."

పెద్దాయన కొడుకు చేతిలోంచి ఫోన్ తీసుకుని రిపోర్టు డాక్టరు ముందు పెట్టాడు.

"మా ఇత్తనాల కాయితంల పాస్ అనో ఫెయిల్ అనో రాస్తరు సారూ. సదువు రానోనికి గూడ తెలుస్తది. మనిషి కాయితంల ఆ ఒక్క ముక్క ఎందుకు రాయలే?"