ఏఈ గారి చేమాకు

సిమెంటు గురించి నాకు ఇంకొకరు చెప్పాలా అనుకునేవాణ్ణి. అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి, ప్రమోషన్ల జాబితాలో పేరు వెతుక్కుంటూనే రిటైరైపోయాను. కల్వర్టులు, పంచాయతీ ఆఫీసులు, సీసీ రోడ్లు, బడి ప్రహరీలు... ఉద్యోగమంతా సిమెంటుతోనే గడిచింది. క్యూరింగు సరిగా లేదని కాంట్రాక్టర్లని ఎండలో నిలబెట్టి కడిగేసేవాణ్ణి. స్లాబు మీద గోనెపట్టాలు ఆరిపోయి కనబడ్డాయా, ఇక ఆ బిల్లు ఆగినట్టే. ఈ గొప్పలన్నీ ముందే ఎందుకు చెప్పుకుంటున్నానంటే, ఇప్పుడు రాయబోయే సంగతిలో ఆరిపోయిన సిమెంటు నాదే.

మా అమ్మాయి పురిటికి ఇంగ్లండు వెళ్ళాం. లండన్‌కి పడమరగా ఉండే రెడింగ్ వాళ్ళ ఊరు. మా ఆవిడకి అక్కడ చేతినిండా పని. నాకు మనవణ్ణి కాసేపు ఎత్తుకోవడం, వాడు ఏడుపు లంకించుకోగానే తిరిగి ఇచ్చెయ్యడం, కిటికీ దగ్గర నిలబడడం. ఏప్రిల్‌లో ఒకనాడు ఆ వీధి మలుపులో పసుపుపచ్చ బోర్డు ఒకటి వెలిసింది. ఈ ఆదివారం ఫలానా ఇంటి తోట తెరిచి ఉంటుంది, రండి అని. ఆ ఫలానావారు ఎవరని అడిగితే ఎవరూ కాదట. మామూలు ఇల్లు, మామూలు పెరడు.

అది 1927లో మొదలైన ఏర్పాటని అల్లుడు చెప్పాడు. పేదల ఇళ్ళకి వెళ్ళి వైద్యం చేసే నర్సుల కోసం అప్పట్లో డబ్బు కావలసి వచ్చింది. ఆ నర్సుల సంస్థ పాలకవర్గంలో ఉన్న ఎల్సీ వాగ్ అనే ఆవిడకి ఒక ఆలోచన తట్టింది. తోటలున్నవాళ్ళు ఒక్కరోజు గేటు తీసి, వచ్చినవాళ్ళ దగ్గర మనిషికి ఒక షిల్లింగు తీసుకుంటే చాలు కదా అని. మొదటి ఏడాదే 609 తోటలు తెరిచారు, ఎనిమిది వేల పౌండ్ల పైన పోగైంది. సిస్సింగ్‌హర్స్ట్ తోటని పెంచిన రచయిత్రి వీటా సాక్‌విల్ వెస్ట్ అయితే, అలా వచ్చేవాళ్ళకి షిల్లింగులనే ముద్దుపేరు పెట్టుకుంది. ఇప్పుడు మూడు వేలకి పైగా తోటలు. నేషనల్ గార్డెన్ స్కీమ్ అంటారు. ఏ తోట ఏ రోజో చెప్పే పసుపుపచ్చ అట్ట పుస్తకం ఉంటుంది. వచ్చిన డబ్బు ఇప్పటికీ నర్సులకీ, క్యాన్సర్ రోగుల్ని చూసుకునే సంస్థలకీ వెళుతుంది.

ఇంత చెప్పాడా, నేను అడిగింది మాత్రం టిక్కెట్టు ఎంతని. అయిదు పౌండ్లు. మనిషికి అయిదొందల పైమాట, ఎవరి పెరట్లోనో తులిప్ పూలు చూడ్డానికి! కడియం వెళితే రోజంతా నర్సరీలు ఉత్తినే తిరగొచ్చు, పైగా షాపువాళ్ళే సోడా ఇప్పిస్తారు.

వెళ్ళాను. ఇంటావిడకి డెబ్భై అయిదు దాటి ఉంటాయి. గేటు దగ్గర బల్ల, డబ్బులకి ఒక బిస్కెట్ల డబ్బా. లోపల గడ్డిలో ఒకదానికొకటి సరిపడని కుర్చీలు, ఇరుగుపొరుగు చేసి తెచ్చిన కేకులు. జనం మొక్కల ముందు వంగి వంగి చూస్తున్నారు. నత్తలకి ఏం చేస్తున్నారు, దీన్ని ఎప్పుడు కత్తిరించాలి అని ఆవిణ్ణి అడుగుతున్నారు. ఆవిడ ఒకావిడకి ఏదో వేరు తడికాగితంలో చుట్టి ఇచ్చింది. ఇవన్నీ ఇప్పుడు గుర్తుచేసుకుంటే కనబడుతున్నాయి. ఆ రోజు నా కళ్ళు వేరేచోట ఉన్నాయి.

ఒక మూల, ఫెర్ను మొక్కల కింద, నేలమీద పరిచినట్టు బూడిదరంగు ఆకు. అడుగున్నర వెడల్పు. వంగి తడిమితే నడిమీనె, దాన్నుంచి చీలిన ఈనెలు, వాటి మధ్య ఉబ్బెత్తులు అన్నీ వేలికి తగులుతున్నాయి. అంచున ఎప్పుడో పురుగు కొరికిన గాటు కూడా అచ్చంగా దిగింది. గుంటలో రెండువేళ్ళ మందాన నీళ్ళు, పిట్టలు తాగడానికట. ఆకు అడుగునంతా మెత్తటి నాచు. సిమెంటు! నా సిమెంటు!

ఎలా చేశారని అడిగితే ఆవిడ ఓపిగ్గా చెప్పింది. తడి ఇసుక కుప్పపోసి, పైన ప్లాస్టిక్ కాగితం వేసి, రూబార్బ్ ఆకుని ఈనెలు పైకి వచ్చేలా బోర్లించాలి. దాని మీద ఇసుకా సిమెంటూ కలిపిన మాలు మెత్తాలి, మధ్యలో అంగుళం మందం, అంచుకి వెళ్ళేకొద్దీ పలచన. తడి ఆరకుండా కప్పి ఉంచాలి. గట్టిపడ్డాక తిరగేసి ఆకు ఒలిచేస్తే ఇదీ. నాచు తొందరగా పట్టాలంటే పెరుగు పూస్తారని కూడా చెప్పింది. ఆ తర్వాత ఇంకేదో అంది గానీ, నేను అప్పటికే మాలు పాళ్ళు లెక్క కడుతున్నాను. నేను సివిల్ ఇంజనీర్నండీ అన్నాను. చాలా సంతోషం అని ఇంకో కేకు ముక్క పెట్టింది.

తిరిగి రాజమండ్రిలో దిగేసరికి రోహిణి కార్తె. వేళకాని వేళలో నిద్ర ముంచుకొస్తోంది. అయినా ఆగలేదు. రూబార్బ్ లేకపోతేనేం, కాలవ గట్టున ఏనుగు చెవంత చేమాకులు. కోసుకొచ్చేసరికే చేతులు దురద. ఆ చేతులతోనే, తొడుగులు వేసుకోకుండా, మాలు కలిపాను. పచ్చి సిమెంటు ఒట్టి క్షారం, చర్మాన్ని తినేస్తుందని కూలీలకి నేనే చెప్పేవాణ్ణి. సాయంత్రానికి మా ఆవిడ కొబ్బరినూనె సీసా నా ముందు పెట్టి, ఏమీ అనకుండా వెళ్ళింది.

పాత రోజుల్లో నా దగ్గర పనిచేసిన తాపీమేస్త్రి దారినపోతూ గేటు బయట నిలబడి చూశాడు.

“ఏఈ గారూ, ఈ ఎండకి పైన తాటాకులైనా కప్పండి. గోనె తడిపి వెయ్యమంటారా?”

“నాకు చెప్తావా క్యూరింగు గురించి!” అన్నాను నవ్వుతూ. వెళ్ళి పడుకున్నాను.

సిమెంటు ఆరడంవల్ల గట్టిపడదు, నీళ్ళతో కలిసి మారడంవల్ల గట్టిపడుతుంది. కలిపిన నీళ్ళని మొదటి గంటల్లోనే ఎండ లాగేస్తే పైపొర బిగుసుకుని చీలుతుంది. మామూలు సిమెంటుకి కనీసం ఏడు రోజులు, ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా అమ్మే పీపీసీ రకం సిమెంటుకి పది రోజులు తడపాలని కాంక్రీటు పనుల కోడు ఐఎస్ 456లో ఉంది. అది నాకు నోటికి వచ్చు. నిద్రలేచి చూసేసరికి నడిమీనె పొడవునా వెంట్రుకవాసి గీత. మర్నాడు రెండు చేతులతో ఎత్తితే ఎడమచేతిలో సగం, కుడిచేతిలో సగం. ఇదే ఒక కాంట్రాక్టరు చేసుంటే నేనేం రాసుండేవాణ్ణో నాకు బాగా తెలుసు.

పట్టుదల పెరిగింది. మెష్ వేశాను, మందం పెంచాను, నీడకి మార్చాను. ఈసారి పగల్లేదు. ఇద్దరు కలిసి లేపితే గానీ లేవలేదు. పిట్టలు దాని మీద వాలలేదు గానీ పనమ్మాయి ఉతికిన దుప్పట్లు దానిమీద పెట్టి పిండడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత తొట్లు. పాత రాతితొట్లు దొరక్క ఇంగ్లండులో కొండమొక్కల పిచ్చివాళ్ళు సిమెంటు, ఇసుక, పీటు కలిపి రాయిలాంటిది తయారుచేసుకున్నారు, హైపర్‌టుఫా అంటారు. పీటుకి బదులు మనకి కోనసీమ కొబ్బరిపొట్టు ఉండనే ఉంది. తొట్టి నిజంగా బాగా వచ్చింది, ఆ మాట చెప్పుకోవాలి. తేలిగ్గా, గరుగ్గా, రాయిలాగే. అందులో ఏం నాటానయ్యా అంటే నూరువరహాలు! పుల్లటి మట్టి కావలసిన మొక్క అది. సిమెంటు గోడ పక్కన పెడితేనే సున్నం తగిలి ఇనుము అందక ఆకులు పసుపెక్కుతాయి. నేను ఏకంగా కొత్త సిమెంటు తొట్లోనే పెట్టాను, కొన్నాళ్ళు నీళ్ళు నింపి పారబోసి క్షారం వదిలించకుండా. నెల తిరిగేసరికి ఆకులో ఈనెలు మాత్రం పచ్చగా మిగిలి, తక్కినదంతా నిమ్మపండు రంగుకి వచ్చింది. మా ఆవిడ దాన్ని పీకి పాత రంగుడబ్బాలోకి మార్చింది. అక్కడ పూసింది.

ఇక పెరుగు. ఆకుకి నాచు పట్టించాలి కదా. ఫ్రిజ్‌లో గిన్నెడు గడ్డపెరుగు కనబడింది, బ్రష్షుతో పూశాను. సాయంత్రానికి చీమలు, రాత్రికి పిల్లి, తెల్లారేసరికి కంపు. మా ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

“పెరట్లో గచ్చుమీద నాచు పోవాలని ఏటా వానల్లో నేను బ్లీచింగ్ చల్లి గీకిస్తుంటే, మీరు నాచు రావాలని పెరుగు పోస్తున్నారా?”

దానికి నా దగ్గర జవాబు లేదు. ఇప్పటికీ లేదు. ఆ దేశంలో చల్లటి గాలి, రోజూ నాలుగు చినుకులు, నీడ. రాయి మీద నాచు దానంతటదే పాకుతుంది. మా ఇంట్లో మేలో ఎండకి సబ్బే బీటలిచ్చింది. తీరా శ్రావణంలో ఆకు అడుగున పచ్చగా పొర కట్టడం మొదలైంది. నేను మురిసిపోయి ఫొటో తీసి అమ్మాయికి పంపాను. మర్నాడు పనమ్మాయి గచ్చుతోపాటు దాన్నీ కొబ్బరిపీచుతో తళతళా తోమేసింది. అయ్యగారి బల్ల కదా అని ఇంకో రెండు చేతులు ఎక్కువే వేసిందట.

నన్ను నేను సమర్థించుకోడానికి నేక్‌చంద్‌ని పట్టుకొచ్చాను. చండీగఢ్ రాక్ గార్డెన్ కట్టినాయన మా జాతివాడే, ప్రభుత్వంలో రోడ్ ఇన్‌స్పెక్టరు. 1957లో అడవిలో ఎవరికంటా పడకుండా మొదలుపెట్టి, పగిలిన గాజులూ పింగాణీ ముక్కలూ సిమెంటులో పొదిగి మనుషుల్నీ జంతువుల్నీ నిలబెట్టాడు. సుమారు పద్దెనిమిదేళ్ళకి గానీ సర్కారువాళ్ళకి తెలియలేదు. 1976లో జనానికి తెరిచారు, తర్వాత పద్మశ్రీ ఇచ్చారు. ఇదంతా ఆవేశంగా చెబితే మా ఆవిడ శ్రద్ధగా వింది.

“పద్దెనిమిదేళ్ళు ఎవరికీ చెప్పలేదా? మీరూ అలాగే చెయ్యండి.”

ఆ రాత్రే పింగాణీ కప్పులు అటక ఎక్కాయి.

చెప్పకుండా ఎలా ఉంటాను? కార్తీకంలో ఒక ఆదివారం మా తోట చూడ్డానికి రమ్మని చుట్టాలకీ, వీధిలోవాళ్ళకీ కార్డులు పంచాను. మా ఆవిడ పెంచినవి సరిపోవని ముందురోజు కడియం నుంచి ఆటో నిండా బంతీ చామంతీ కుండీలు తెచ్చి మధ్యమధ్యలో ఇరికించాను. గేటు దగ్గర బల్ల, బిస్కెట్ల డబ్బా. మనిషికి పది రూపాయలు, పోగైంది వీధిచివర వృద్ధాశ్రమానికి అని కాగితం అంటించాను.

పక్కింటి పంతులుగారు ముందు వచ్చారు. “వనభోజనాలా? మన ఉసిరిచెట్టేదండీ?” అని వెతికారు. మేనత్త అరడజను అరటిపళ్ళతో దిగింది, ఏ శుభకార్యమో తెలియక. మా బావగారు కాగితం రెండుసార్లు చదివి పది రూపాయలు తీసి, డబ్బా మీదే చెయ్యి ఆపి, “కాఫీ ఇందులోనేనా, దానికి వేరేనా?” అన్నారు. వెనకాల వాళ్ళావిడ, “తోడబుట్టిన దాని ఇంటికొస్తే టిక్కెట్టా!” అని ముక్కున వేలేసుకుంది. కడియం దగ్గర ఊరాయన ఒకరు కుండీల ముందు నిలబడి, దేనికి ఎంత పడిందో వరసగా చెప్పుకుంటూ పోయారు. రెండు మూడు తప్పితే అన్నీ సరిపోయాయి.

నా ఆకుని అందరూ చూశారు. టీ కప్పులు పెట్టుకోడానికి వాటంగా ఉందన్నారు.

కాసేపటికి నా చుట్టూ ఎవరూ లేరు. అందరూ పెరటి నూతి దగ్గర మా ఆవిడ చుట్టూ చేరారు. పగిలిన బకెట్లో మరువం, రంగుడబ్బాలో నూరువరహాలు, గోలెంలో పిచ్చిబచ్చలి. ఒకరికి కొమ్మ విరిచి ఇస్తోంది, ఒకరికి కరివేపాకు పిలక తవ్వి ఇస్తోంది. గులాబీకి తెల్లపురుగు పడితే ఏం కొట్టాలో పంతులుగారి భార్య ఆవిడకి చెబుతోంది. వేళ్ళకి మట్టి అంటుకున్న జనం చేతులు కడుక్కుంటూ నవ్వుకుంటున్నారు. రెడింగ్‌లో ఆ ముసలావిడ తోటలో జరిగింది సరిగ్గా ఇదే. అయిదు పౌండ్లు ఇచ్చి నేను చూడకుండా వచ్చింది కూడా ఇదే. ఆవిడ చివర్లో ఏమందో ఆ రోజు పక్కనే ఉన్న అమ్మాయిని ఫోన్లో అడిగితే చెప్పింది. ఆ ఆకు తనకీ చాలాసార్లు విరిగిందట. అసలు ఆకు కంటే ఆ ఫెర్నులు చూడండి, వాటిని మా అమ్మ నాటింది అందట.

డబ్బాలో మొత్తం రెండొందల చిల్లర. సిగ్గేసి, నా వంతు కలిపి ఆశ్రమంలో ఇచ్చి వచ్చాను.

మేస్త్రి మాత్రం నా పాళ్ళే తీసుకుని, వాళ్ళ చూరుకింద తడిగోనె కప్పి రెండు ఆకులు పోశాడు. గీత లేదు, తేలిగ్గా ఉన్నాయి. కడియంలో ఒక నర్సరీవాడు బేరం కూడా చేశాడట. “పాళ్ళు మీవే కదా ఏఈ గారూ” అన్నాడు, ఓదార్పుగా.

ఈ కార్తీకానికీ గేటు తీస్తున్నాం. ఈసారి కార్డులు మా ఆవిడ పేరు మీద. సిమెంటు పనులేవీ లేవు. టిక్కెట్టు లేదు, డబ్బా మాత్రం ఉంటుంది, వేసేవాళ్ళు వేస్తారు. కొమ్మలు కావలసినవాళ్ళు కవర్లు తెచ్చుకోవాలి, పోయినసారి మా ఇంట్లో ఒక్క పాలకవరు కూడా మిగల్లేదు. బావగారికి ఫోన్ చేసి చెప్పాను. కాఫీ సంగతి తేలాకే వస్తానన్నారు.